పీటల బండి

దక్షిణాఫ్రికాలో, మార్‌బర్గ్ అనే ఊళ్ళో నేను అద్దెకున్న ఇంటి వెనక షెడ్డులో ఒక సైకిలుండేది. దాన్ని సైకిలు అనడానికి మొదట్లో నాకు నోరు రాలేదు. మామూలు సైకిల్ని ఎవరో పట్టుకుని వెనక్కి సాగదీసినట్టుండేది. వెనక చక్రం సీటుకి దూరంగా జరిగిపోయి, ఆ మధ్యంతా ఇనప గొట్టాలు. గొట్టాల మీద, మనిషి కాళ్ళు ముడుచుకుని పడుకోగలిగినంత పొడుగు చెక్క. చక్రానికి అటూ ఇటూ, కిందగా, బస్తాలు ఆనడానికి రెండు చట్రాలు. గొలుసు చాలక రెండు గొలుసులు కలిపి ఒకటి చేశారు. బ్రేకు పడితే వీధి చివరి దాకా వినపడేది.

దాన్ని తయారుచేసింది మా ఇంటి యజమాని. చెరకు మిల్లులో వెల్డరుగా చేసి రిటైరైన పెద్దాయన. వాళ్ళ ముందుతరాలు విశాఖపట్నం వైపు పల్లెల నుంచి చెరకు తోటల్లో కూలికని ఓడెక్కి వచ్చినవాళ్ళు. తనని తాత అనీ, ఆవిడని అవ్వ అనీ పిలవమని మొదటి రోజే చెప్పాడు. వాళ్ళు మాత్రం నన్ను టీచర్ అనేవారు, నువ్వు అనేవారు. వాళ్ళ తెలుగులో 'మీరు' ఎప్పుడో అరిగిపోయింది. నేనా గుంటూరువాణ్ణి, ఎమ్మెస్సీ చదివినవాణ్ణి, అంతకుముందు కాలేజీలో పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ 'నువ్వు' నాకు కొన్నాళ్ళు చురుక్కుమంటూనే ఉండేది.

దేశానికి అప్పుడే కొత్త ప్రభుత్వం వచ్చింది. అప్పటిదాకా ఇండియన్ పిల్లలకే అని ఉన్న మా స్కూల్లో జూలూ పిల్లలు వచ్చి కూర్చుంటున్నారు. ఆవరణలో కొత్త జెండా ఎగురుతోంది, దాన్ని ఏ వైపు పైకి కట్టాలో ఆఫీసులో ఇంకా వాదులాడుకుంటున్నారు. లెక్కల టీచర్లు చాలక నాలాంటివాళ్ళని తీసుకున్నారు. మా ఆవిడ వీసా ఇంకా రాలేదు. గుంటూర్లో సైకిలూ స్కూటరూ తప్ప నేనేదీ నడిపి ఎరగను. ఇక్కడ కారు లేని ఇండియన్ అంటే ఏదో జబ్బు మనిషిని చూసినట్టు చూసేవారు. గ్యాసు బండ అయిపోతే, బియ్యం బస్తా కొనాల్సొస్తే, ఎవరి కారు ఖాళీగా ఉందా అని స్టాఫ్‌రూములో అందరి మొహాలూ చూసేవాణ్ణి.

అది తాత కనిపెట్టాడు. ఒకనాడు షెడ్డు తలుపు తీసి, సైకిలు బయటికి తోసి, "ఇంద, తీస్కో. నా తుంటి ఫినిష్. ఊరికే తుప్పు పడతాంది," అన్నాడు.

వద్దని చెప్పడానికి నా దగ్గర మర్యాదైన కారణం ఒక్కటీ లేకపోయింది.

ఆ బండి తొక్కడం వేరే విద్య. బరువు కిందుగా, ముందుకు జరిపి కట్టాలి. రెండు పక్కలా సమానంగా లేకపోతే అటే లాక్కుపోతుంది. మలుపు తిరిగేటప్పుడు మనం తిరిగేశాం అనుకుంటాం, వెనకభాగం ఇంకా పాత వీధిలోనే ఉంటుంది. సరుకు ఉండగా వెనక నుంచి కాలు తిప్పి ఎక్కడం కుదరదు, ముందు గొట్టం మీదుగా కాలు ఎత్తి వేసుకోవాలి. అలా ఎత్తినందుకు ఉన్న రెండు మంచి ప్యాంట్లలో ఒకటి చిరిగింది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, దాని స్టాండు అద్భుతం. వంచిన లావుపాటి గొట్టం, వెడల్పుగా రెండు కాళ్ళు. ఎంత వాలులో వేసినా, ఎంత బరువున్నా గేదె నిలబడ్డట్టు కదలకుండా నిలబడేది.

గ్యాసు బండ తెచ్చాను. మొక్కజొన్న పిండి బస్తా తెచ్చాను. సెకండ్‌హ్యాండు ఫ్రిజ్‌ని పడుకోబెట్టి, తాళ్ళతో కట్టి, పక్కనున్న పోర్ట్ షెప్‌స్టోన్ బజారు మధ్య నుంచి తెచ్చాను. ఆ మర్నాడు నేను క్లాసులోకి అడుగు పెట్టేసరికి వెనక బెంచీల నుంచి రైలు కూత వినిపించింది. అప్పట్నుంచి నా పేరు ట్రెయిన్ సార్. తెల్లటి చొక్కా టక్ చేసుకుని, టై కట్టుకుని, వెనక ఉల్లిపాయల బస్తాతో స్కూలు గేటు ముందు నుంచి వెళ్తుంటే సిగ్గుతో చెవులు కాలిపోయేవి. పిల్లల తల్లిదండ్రులు కార్లలోంచి చెయ్యి ఊపేవారు. నాకు పలకరింపుకీ జాలికీ తేడా తెలిసేది కాదు.

ఊళ్ళో ఇండియా నుంచి వచ్చిన తెలుగువాళ్ళు ఇంకెవరంటే, గవర్నమెంటు ఆస్పత్రిలో పనిచేసే ఒక డాక్టరుగారూ ఆయన భార్యా. హైదరాబాదు మనుషులు. వాళ్ళింటికి వెళ్ళినప్పుడు బండిని వాళ్ళ వీధి మొదట్లో ఒక గోడ చాటున పెట్టి, అక్కణ్ణుంచి నడిచి వెళ్ళేవాణ్ణి. వాకింగ్ అలవాటండీ అనేవాణ్ణి. ఆవిడ నిజంగానే మెచ్చుకునేది.

సెప్టెంబరు నెలాఖర్లో ఒక సాయంత్రం తాత నన్ను వరండాలో కూర్చోబెట్టుకుని ఆ బండి పుట్టిన కథ చెప్పాడు.

వాళ్ళకి పురటాసి నెలలో శనివారాలు వెంకటేశ్వరస్వామివి. మూడో శనివారం గుళ్ళో భోజనాలు. ఆ రోజు నైవేద్యం వండి తీసుకెళ్ళే వంతు తాత వాళ్ళ నాన్న కాలం నుంచీ వాళ్ళ ఇంటిదే. ఇంట్లో పొయ్యి మీంచి దించిన గుండిగ గుడి మెట్టు ఎక్కేదాకా నేలకి ఆనకూడదు. సొంత ఒంటి కష్టంతోనే చేర్చాలి. కారులో పెట్టి తీసుకెళ్తే అది మోసినట్టు కాదు. వాళ్ళ నాన్న చెరకు తోట గుడిసెల నుంచి కావిడి భుజాన వేసుకుని కొండెక్కేవాడట.

"అయ్య ఎక్కడా ఆగకూడదు. ఆగితే దించాల కదా. బుజం ఇక్కడ ఇలాగ గుంట పడిపోయింది," అంటూ తాత తన భుజమ్మీద వేలితో నొక్కి చూపించాడు. "అందుకే నేను బండి సేసినాను. స్టాండు ఏస్తే మనిసి రెస్టు తీస్కుంటాడు, గుండిగ మీదే ఉంటాది. నేల తగలదు."

మిల్లు గేటు దాటి రోజూ ఇంటికి సరుకులు తెచ్చుకోవడానికని నేననుకున్న బండి అది. ఒక్క రోజు కోసం చేశాడు, మిగతా రోజులన్నీ ఊరికే వాడుకున్నాడు.

ఇప్పుడు ఆయన తుంటి పోయింది. కొడుకులు డర్బన్‌లో ఒకరు, లేడీస్మిత్‌లో ఒకరు, ఇద్దరికీ కార్లున్నాయి, ఇద్దరూ సైకిలెక్కరు. గుడి కమిటీలో చిన్నవాళ్ళు ఇప్పటికే అంటున్నారు, ఈ ఏడు పెద్దాయన తీసుకురాలేకపోతే వచ్చే ఏటి నుంచి క్యాటరింగువాళ్ళకి చెప్పి బకీలో తెప్పించేద్దామని. బకీ అంటే ఇక్కడ చిన్న ట్రక్కు. ఒక్కసారి బకీలో వచ్చిందంటే ఆ వంతు ఇంక ఆ ఇంటికి తిరిగి రాదు.

"నువ్వు తొక్కాల టీచర్," అన్నాడు తాత. "మన మనిసివి. ఇండియా మనిసివి. నీకి అన్నీ తెలుసు."

నా కళ్ళ ముందు కనిపించిందల్లా పసుపు పంచె కట్టుకుని, చొక్కా లేకుండా, చెప్పుల్లేకుండా, గంట మోగించుకుంటూ స్కూలు ముందు నుంచి గుండిగలు తోసుకెళ్తున్న లెక్కల మాస్టారు. తాత మొహం చూసి సరే అన్నాను. సరే అంటూనే వర్షం పడితే బాగుండునని కోరుకున్నాను.

ఆ రోజుల్లో ఇంకొకటి గమనించాను. ఆదివారాలు అవ్వ పంపించే కోడికూర ఆగిపోయింది. గుమ్మడికాయ, పప్పు, మడుంబీలు వస్తున్నాయి. మడుంబీలంటే మన చేమదుంపలే, పెరట్లో వేసేవారు. వారాల తరబడి అవే. కొత్త ప్రభుత్వంలో పెన్షన్లు ఆలస్యమవుతున్నాయని స్టాఫ్‌రూములో అనుకుంటున్నారు. పాపం, ముసలివాళ్ళకి చేతిలో డబ్బు ఆడటం లేదు, బయటికి చెప్పుకోలేక దుంపలు తిని బతుకుతున్నారు అనుకున్నాను. అడగాలని తోచలేదు. తెలిసిపోయాక అడగడమెందుకు?

మూడో శనివారం మర్నాడు, ఆదివారం, డాక్టరుగారి దంపతుల్ని భోజనానికి పిలిచాను. శుక్రవారం సాయంత్రం బండేసుకుని ఉమ్జిమ్‌కులూ నది సముద్రంలో కలిసే చోటికి వెళ్ళాను. అక్కడ గాలాలు వేసేవాళ్ళు పట్టిన చేపలు అక్కడికక్కడే అమ్ముతారు. రెండు పెద్ద చేపలు కొన్నాను. ఒకటి మాకు, ఒకటి ముసలివాళ్ళకి. న్యూస్‌పేపర్లో చుట్టి చెక్క మీద పెట్టి కట్టాను. మార్‌బర్గ్ దాకా చేప నీళ్ళు చెక్క మీద కారుతూనే ఉన్నాయి. తొక్కుతూ ఉంటే నా మంచితనానికి నాకే ముచ్చటేసింది.

బండిని వాళ్ళ వంటింటి గుమ్మం ముందే స్టాండు వేసి, పళ్ళెంలో చేపని పెట్టుకుని, "అవ్వా, మీకోసం తెచ్చాను," అంటూ గడప దగ్గరికి వెళ్ళాను.

అవ్వ లోపల గుండిగలకి చింతపండు రాసి తోముతోంది. పళ్ళెంకేసి చూసి, ఒక్కడుగు వెనక్కి వేసింది.

"హౌ! ఏటిది టీచర్? సేపా?"

"తాజాదవ్వా. ఇప్పుడే పట్టింది."

"పురటాసి కదా నాయనా. నెలంతా మనం ముట్టం కదా." ఆవిడ గొంతులో కోపం లేదు, గాభరా ఉంది. నా భుజమ్మీదుగా బయటికి చూసింది. "బండి మీద తెచ్చినావా?"

గుంటూర్లో మా ఇంట్లో శనివారం ఒక్కపూట ఉంటారు, శుక్రవారం చేపకి అడ్డేమీ లేదు. మా పంచాంగంలో పురటాసి అనే నెలే లేదు. వాళ్ళు పక్కనున్న తమిళుల నెలని తీసుకుని, పిల్లనిచ్చి పుచ్చుకున్నట్టే దాన్నీ తమదిగా చేసుకుని, ఇన్ని తరాల నుంచీ నియమం తప్పకుండా నడుపుతున్నారని నాకేం తెలుసు? ఇవన్నీ తర్వాత నాకు నేను చెప్పుకున్న మాటలు. ఆ నిమిషాన పళ్ళెం వెనక్కి దాచుకోబోయాను. లేమి అని నేను జాలిపడినది వాళ్ళ ఉపవాసం.

తాత చప్పుడుకి బయటికి వచ్చాడు. చెక్క మీద పొలుసులు, తడి చూశాడు. వేలు ఆనించి వాసన చూశాడు. కుళాయి కింద ఆ వేలు కడుక్కున్నాడు. అరిచినా బాగుండేది.

సిగ్గుపడ్డాను. కానీ అంతకంటే సిగ్గుపడాల్సింది ఆ వెంటనే జరిగింది, ఎవరికీ కనపడకుండా నా లోపల జరిగింది. చేప మోసిన బండి మీద నైవేద్యం వెళ్ళదు కాబట్టి రేపు నేను తొక్కక్కర్లేదు అని మనసు తేలికపడింది. ఒక ఇంటి వంతు తెగిపోతూ ఉంటే నేను బతుకుజీవుడా అనుకున్నాను.

"సారీ తాతా," అన్నాను.

"నీకి తెల్దు," అన్నాడు ఆయన. నీకు అన్నీ తెలుసు అన్న మనిషే.

తెల్లవారకముందే ఇనుము మోత వినిపించి లేచాను. షెడ్డు ముందు తాత కింద కూర్చుని బోల్టులు విప్పుతున్నాడు. పాత చెక్క ఊడదీసి పక్కన పడేశాడు. చట్రమంతా పసుపునీళ్ళతో కడిగినట్టున్నారు, చుక్కలు కారుతున్నాయి.

"ఇనుము కడిగితే సుద్ధి," అన్నాడు నన్ను చూడకుండానే. "సెక్కే తాగేస్తాది."

"ఇంకో చెక్క ఉందా తాతా?"

ఇంట్లోంచి అవ్వ వచ్చింది. పాత పసుపు చీరలో చుట్టినదేదో రెండు చేతులా ఎత్తుకొచ్చింది. విప్పితే రెండు పీటలు. నల్లబడిన కలప, అంచుల్లో పువ్వులు చెక్కి ఉన్నాయి, మూలల్లో ఏనాటివో కుంకం మరకలు. అడగక్కర్లేకుండానే అర్థమైంది. వాళ్ళ పెళ్ళి పీటలు.

తాత ఒక పీట చట్రం మీద పెట్టి, రెండోది దాని వెనక ఆనించి, పెన్సిలుతో గుర్తులు పెట్టాడు. కింద ఉన్న పొట్టి కాళ్ళు రంపంతో కోసేశాడు. డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాడు.

"వద్దవ్వా," అన్నాను. "చిల్లులు పెడతారా? వద్దు. నేను కావిడి మోస్తాను."

"నువ్వా?" అంది అవ్వ. ఆవిడకి నవ్వొచ్చింది. "సన్నం మనిసివి, నువ్వు మోస్తే గుండిగతో పాటు నిన్ను కూడా మోయాల." పీట మీద చెయ్యి వేసి ఒకసారి రాసింది. "దీని మీద ఇంకెవురు కూకుంటారు నాయనా? మా పిల్లకాయలు అందరూ హాల్లో స్టేజీ ఎక్కి కుర్సీల మీద సేసుకున్నారు. ఇది మంచం కింద నిద్రపోతాంది."

డ్రిల్లు కలపలోకి దిగుతుంటే ఆవిడ చూడలేదు. పొయ్యి చూడాలని లోపలికి వెళ్ళింది. నేను చూశాను. ఎర్రటి పొడి రాలుతుంటే తల తిప్పుకోవడానికి నాకు మొహం చెల్లలేదు.

బిగించడం అయ్యాక తాత అడిగాడు. "సేప తిన్నావా?"

"లేదు తాతా. ఫ్రిజ్‌లో ఉంది."

"అయితే స్నానం సెయ్. పసుపు పంచె అవ్వ ఇస్తాది. సెషా, సెషా." తొందరగా అని అర్థం వచ్చే ఆ జూలూ మాట ఆయనకి తెలుగే.

రెండు గుండిగలు, ఒకదాంట్లో పులిహోర, ఒకదాంట్లో చక్కెర పొంగలి. పీటకొకటి. మూతల మీద అరిటాకులు కట్టి తాళ్ళతో బిగించారు. నేను ఒంటి మీద చొక్కా లేకుండా, కాలికి చెప్పు లేకుండా గొట్టం మీదుగా కాలెత్తి సీటెక్కాను. తాత కర్ర ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి వెనక పీట మీద వేసి నడిచాడు. ఆయన నడిచేంత నెమ్మదిగానే తొక్కాను. బరువు బండి అంత నెమ్మదిగా పోతే ఊగుతుంది.

స్కూలు గేటు దగ్గర రైలు కూత వస్తుందని మెడ బిగించుకున్నాను. శనివారం, ఎవరూ లేరు. మెయిన్‌రోడ్డు మలుపు దగ్గర మాత్రం డాక్టరుగారి కారు ఆగి ఉంది. అద్దం దించి, "ఏంటి మాస్టారూ, ఇదేం వేషం?" అన్నారు. పక్కన ఆవిడ నవ్వు ఆపుకుంటోంది. జవాబు చెప్పాలంటే బండి ఆపాలి, ఆపితే మళ్ళీ కదపలేను. పళ్ళు బిగించి ముందుకు పోయాను. వాకింగ్ అలవాటు కథ అక్కడితో సరి.

గుడి కొండ మొదలయ్యాక దిగి తొయ్యాల్సొచ్చింది. సగం దూరం వెళ్ళేసరికి ఊపిరాడలేదు, బండి వెనక్కి జారబోయింది. "స్టాండు!" అని అరిచాడు తాత. కాలితో తన్నాను. ఆ రెండు ఇనప కాళ్ళూ వాలులో నాటుకుపోయాయి. గుండిగలు పీటల మీద కదలకుండా ఉన్నాయి. నేను రోడ్డు మీద కూలబడ్డాను.

అప్పుడు అటూ ఇటూ ఇళ్ళలోంచి మనుషులు వచ్చారు. ప్రతి ఏడూ బండి ఆగేది అక్కడేనట. చెంబులతో పసుపునీళ్ళు తెచ్చి ముందు చక్రాలకి పోశారు, తర్వాత నా కాళ్ళకి. అవ్వ కంటే పెద్దావిడ ఒకామె వంగి నా పాదాలు కడిగి, ఆ నీళ్ళు తన తలకి రాసుకుంది. స్వామిది మోసినవాడికి అలా చెయ్యడం వాళ్ళ ఆనవాయితీ. గోవిందా అంటున్నారు. నిన్న ఇదే బండి మీద ఈ కాళ్ళే చేపలు తెచ్చాయని ఆవిడకి తెలియదు. కాళ్ళు వెనక్కి లాక్కోబోయాను. తాత నా భుజం మీద చెయ్యి వేసి నొక్కి ఉంచాడు.

గుడి మెట్ల దగ్గర కమిటీ పెద్ద ఎదురొచ్చాడు. గుండిగలు దింపించి, బండికేసి చూశాడు. ఆ బండిని ఏటేటా చూసే మనిషి.

"కొత్త సెక్కలేంటి అన్నా? పాతది ఏమైంది?" అని తాతని అడిగాడు.

ఇప్పుడు చెప్తాడు, చెప్పాలి కూడా అనుకున్నాను. నేల మీదకి చూస్తూ నిలబడ్డాను.

"పుచ్చిపోయింది," అన్నాడు తాత.

ఆ నెలంతా నియమంతో ఉన్న మనిషి, స్వామి గుమ్మం ముందు నిలబడి, నా పరువు కోసం అబద్ధమాడాడు. నైవేద్యం లోపలికి వెళ్ళింది. వంతు నిలిచింది. కొబ్బరిచిప్ప తాత చేతికిస్తే, "టీచర్ తొక్కినాడు," అని దాన్ని నా చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నం గదికి వచ్చి ఫ్రిజ్ తలుపు తీస్తే రెండు చేపలూ ఉన్నాయి. వండితే పొగ వాళ్ళ వంటింట్లోకే పోతుంది. పారేద్దామంటే పెరడు వాళ్ళది. బండి మీద పెట్టే మాటే లేదు. సంచిలో వేసి, సంచి చేత్తో పట్టుకుని నడిచాను. ఇక్కడికొచ్చాక అంత దూరం సరుకుతో నడవడం అదే మొదటిసారి. ఎండ, చేప నీళ్ళు మోకాలి మీద కారుతున్నాయి, పక్క నుంచి కార్లు పోతున్నాయి, ఒక్కరూ నావైపు చూడలేదు. నదీముఖం దగ్గర నాకు అమ్మిన మనిషే గాలమేసుకుని కూర్చున్నాడు. సంచి అతని ముందు పెట్టాను. చేపలు బాగాలేవా అని అడిగాడు. బాగానే ఉన్నాయన్నాను. డబ్బు తిరిగివ్వబోయాడు, వద్దన్నాను. పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. తాత వరండాలో కాలు చాపుకుని కూర్చున్నాడు. బండి ఆయన ఎదురుగానే ఉంది, పీటల మీద అన్నం మెతుకు ఒకటి ఎండిపోయి ఉంది.

"ఏడకి ఎల్లినావు, నడిసి? బండి ఉంది కదా."

"చేపలు ఇచ్చేయడానికి తాతా."

ఆయన నా తడిసిన ప్యాంటు చూశాడు, నా చేతులు చూశాడు. నవ్వుతాడనుకున్నాను.

"రేపు నేను మంచి చెక్క కొనుక్కొస్తాను," అన్నాను. "పీటలు తీసేద్దాం. అవ్వకి ఇచ్చేద్దాం."

"చిల్లులు పడ్డాయి కదా. ఇంక అవి బండివే," అన్నాడు. కర్ర ఆనించుకుని లేచి, లోపలికి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు. "వచ్చే ఏడు కూడా నువ్వే తొక్కాల."